కారు ఇంజిన్ ఆయిల్: డబ్బా మీది అంకెలు, షోరూమ్ బిల్లులోని వరుసలు

బండి కొని ఏడాది కాగానే షోరూమ్ నుంచి ఫోన్ వస్తుంది. సర్వీసింగ్‌కు తీసుకెళ్తే జాబ్ కార్డ్ రాసే అడ్వైజర్ మొదటి ప్రశ్నల్లోనే ఆయిల్ సంగతి అడుగుతాడు: మామూలుదా, సింథటిక్కా? ఆ వెంటనే ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ లాంటి పేర్లతో ఎస్టిమేట్ పెరుగుతుంది. పక్కవీధి మెకానిక్‌ని అడిగితే, ‘మన ఎండలకు ఆ పలచటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయించండి’ అంటాడు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో మాట వినిపిస్తుంది. వీటిలో దేనికి సాంకేతిక ఆధారం ఉంది, ఏది వ్యాపారం కోసం చెప్పేది, ఏది పాత ఇంజిన్ల కాలం నుంచి మిగిలిపోయిన అలవాటు అన్నది వేరు చేసి చూస్తేనే నిర్ణయం తేలికవుతుంది.

క్లుప్తంగా: ఆయిల్ ఎంపికలో ముందు చూడాల్సింది చిక్కదనం గ్రేడ్, తర్వాత నాణ్యతా ప్రమాణం. ఈ రెండూ ఓనర్స్ మాన్యువల్‌లోనే ఉంటాయి. సింథటిక్ అన్న మాట వాటి తర్వాతే. షోరూమ్ బిల్లులో కంపెనీ షెడ్యూల్ ప్రకారం చేయాల్సిన పనులు, డీలర్ సొంతంగా సూచించే పనులు ఒకే వరుసలో కలిసిపోయి కనిపిస్తాయి. గందరగోళానికి అసలు కారణం అదే.

ఆయిల్ ఎందుకు అరిగిపోతుంది

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంక్ షాఫ్ట్‌కూ దాని బేరింగులకూ మధ్య లోహం లోహాన్ని తాకదు. మధ్యలో సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. ఆయిల్ పని అంతటితో అయిపోదు. పిస్టన్ల దగ్గరి వేడిని కిందికి మోసుకొస్తుంది, మసిని ముద్దకట్టనివ్వకుండా తనలోనే పట్టి ఉంచుతుంది, ఇంధనం మండగా పుట్టే ఆమ్లాలను విరిచేస్తుంది. ఇందుకోసం కలిపే రసాయనాలు వాడకంతో ఖర్చవుతాయి. ఆయిల్ మార్చాల్సి రావడానికి ప్రధాన కారణం ఇదే.

రంగు చూసి ఆయిల్ పాడైందని చెప్పడం మాత్రం సరికాదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచే పని అది సరిగ్గా చేస్తోందనే దానర్థం. ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, తీసి ‘చూడండి సార్, నల్లగా అయిపోయింది’ అని ఎవరైనా చూపిస్తే, దాన్నిబట్టి నిర్ణయం తీసుకోనక్కర్లేదు. కిలోమీటర్లు, నెలలు చూసుకుంటే చాలు.

5డబ్ల్యూ-30 అంటే

డబ్బా మీది అంకెలు అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే300 ప్రమాణం నుంచి వచ్చినవి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె, చల్లటి స్థితిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఇంజిన్‌ను స్టార్టర్ తిప్పగలదా అన్న పరీక్షను 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేస్తారు. 15డబ్ల్యూకు మైనస్ 20, 10డబ్ల్యూకు మైనస్ 25, 5డబ్ల్యూకు మైనస్ 30, 0డబ్ల్యూకు మైనస్ 35. రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనానిది. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే 20 గ్రేడ్ ఆయిల్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది. 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 వరకు, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 వరకు. బేరింగుల దగ్గర ఉండే ఒత్తిడిని అనుకరిస్తూ 150 డిగ్రీల దగ్గర ఇంకో పరీక్ష కూడా చేస్తారు.

లంబసింగిలో కూడా మైనస్ 15 చలి ఉండదు. మరి మనకు డబ్ల్యూ ముందున్న అంకెతో పనేమిటి? ఇంజిన్ దృష్టిలో చలి అంటే వాతావరణంలోని చలి ఒక్కటే కాదు. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 25 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉండేదానికంటే సుమారు 10 రెట్లు చిక్కగా ఉంటుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే బండి తీసేటప్పుడు ఆయిల్ ఉండేది ఈ స్థితిలోనే. రాత్రంతా అడుగున సంపులోకి దిగిపోయిన ఆయిల్ పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా ఎక్కేలోగా కొంత అరుగుదల జరుగుతుంది. మొదటి అంకె తక్కువైన కొద్దీ ఆ వ్యవధి తగ్గుతుంది. ప్రాణాపాయమంత తేడా కాదు కానీ, రోజుకు నాలుగైదుసార్లు స్టార్ట్ చేసే సిటీ బండికి ఏళ్ల మీద లెక్కలోకి వచ్చే తేడాయే.

ఎండలు మండిపోతుంటే పలచటి ఆయిల్ ఆగుతుందా

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటినప్పుడు ఈ అనుమానం రావడం సహజం. అయితే ఇంజిన్ వేడిని బయటి ఎండ నిర్ణయించదు. థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్‌ను సుమారు 90 డిగ్రీల దగ్గర ఆపుతాయి. ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య తిరుగుతుంది. చలిదేశంలో అయినా, కోస్తాలో అయినా వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఉండేది దాదాపు ఇదే పరిధిలో. కూలింగ్ వ్యవస్థ సరిగా ఉన్నంతవరకు 30 డిగ్రీల ఎండకూ 45 డిగ్రీల ఎండకూ మధ్య తేడాలో చాలా భాగాన్ని అదే సర్దుకుంటుంది. ఆయిల్ వేడి నిజంగా పెరిగేది బరువు మీద: నిండా మనుషులు, సామాను వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు, హైవే మీద గంటల తరబడి అతివేగంగా పోయేటప్పుడు, ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే టర్బో మీద ఎడతెగని ఒత్తిడి ఉన్నప్పుడు.

కంపెనీలు పలచటి ఆయిల్ వైపు మళ్లడానికి కారణం మైలేజీ. ఆయిల్‌ను తోసుకుంటూ తిరగడానికి ఇంజిన్ ఖర్చుపెట్టే శక్తి తగ్గితే ఇంధనం ఆదా అవుతుంది. మన దేశంలో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీకి పరిమితి పెట్టే కెఫే నిబంధనలు 2017-18లో వచ్చాయి, 2022-23లో బిగిశాయి. కిలోమీటరుకు సగటు కార్బన్ డయాక్సైడ్ పరిమితి 130 గ్రాముల నుంచి 113 గ్రాములకు దిగింది. ఒక్క శాతం ఆదా దొరికినా కంపెనీకి విలువైనదే. అందుకే ఒకప్పుడు 20డబ్ల్యూ-40 పోసిన చిన్న పెట్రోల్ కార్ల తరగతిలోకి ఇప్పుడు 0డబ్ల్యూ-20, కొన్ని మోడళ్లలో 0డబ్ల్యూ-16 కూడా వచ్చాయి.

ఇది కేవలం ప్రభుత్వ లెక్కల కోసం చేసిన మార్పు, ఇంజిన్ ఆయుష్షు సంగతి పట్టించుకోలేదు అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో సగమే నిజం. పలచటి ఆయిల్‌కు తగ్గట్టు బేరింగుల మధ్య ఖాళీలు, ఆయిల్ పంపు, వాల్వులు తెరుచుకునే సమయాన్ని (వాల్వ్ టైమింగ్‌ను) ఆయిల్ ఒత్తిడితో మార్చే హైడ్రాలిక్ భాగాలు అన్నీ కొత్తగా రూపొందించారు. అలాంటి ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది, వాల్వ్ టైమింగ్ స్పందన మందగించవచ్చు, మైలేజీ కూడా పడుతుంది. అలాగని ఒక్క గ్రేడే వేదం కూడా కాదు. అమెరికాలో 0డబ్ల్యూ-20 మాత్రమే సూచించే ఇంజిన్లకు వేరే దేశాల మాన్యువల్స్‌లో 5డబ్ల్యూ-30 కూడా కనిపించడం ఉంది. ఎడతెగని అధిక వేగం, భారీ బరువు ఉన్నప్పుడు ఒక మెట్టు చిక్కటిది మేలని కొన్ని మాన్యువల్స్ స్వయంగా చెబుతాయి. అమెరికాలోని బంధువు చెప్పిన గ్రేడ్‌ను ఇక్కడి బండికి, ఇక్కడి సలహాను అక్కడి బండికి వర్తింపజేయకుండా, ఆ దేశంలో ఆ బండితో ఇచ్చిన పుస్తకాన్నే చూడాలి. అందులో ఉన్న పరిధిలో వాడకాన్నిబట్టి ఎంచుకోవచ్చు. పరిధి దాటితే అది ప్రయోగం.

గ్రేడ్ ఒక్కటే సరిపోదు

డబ్బా మీద పెద్దగా కనిపించేది గ్రేడ్. ఇబ్బంది తెచ్చేది చాలాసార్లు దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ప్రమాణం. పెట్రోల్ ఇంజిన్లకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వర్గాల్లో ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. ఎస్‌పీ రావడం వెనక ఒక కొత్త సమస్య ఉంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో, తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, స్పార్క్ పడకముందే మిశ్రమం పేలుతోంది. ఈ దెబ్బకు పిస్టన్ పగలవచ్చు. ఆయిల్‌లో శుభ్రత కోసం కలిపే కాల్షియం రసాయనాలు ఈ పేలుడును ప్రోత్సహిస్తున్నాయని తేలడంతో కొంత కాల్షియం బదులు మెగ్నీషియం వాడుతూ కూర్పు మార్చారు. టైమింగ్ చైన్ అరుగుదలకు కూడా కొత్త పరీక్ష చేర్చారు. కాబట్టి టర్బో పెట్రోల్ బండికి, గ్రేడ్ కలిసిందని పాత ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్ వర్గం ఆయిల్ పోస్తే ఇంజిన్‌ను ఈ రక్షణ లేకుండా నడిపినట్టే.

డీజిల్ బండ్లలో వేరే ఇబ్బంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు అమలయ్యాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, వచ్చింది. అందులో చేరిన మసిని బండి అప్పుడప్పుడు వేడి పెంచి కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోని లోహ రసాయనాలు కాలగా మిగిలే బూడిద కాలిపోదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. యూరప్ వాహన తయారీదారుల సంఘం ఏసీఈఏ ప్రమాణాల్లో సీ2, సీ3 లాంటివి ఈ కోవలోవి. బీఎస్4 కాలం నాటి 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ మంచి బ్రాండుదే అయినా ఇక్కడ పనికిరాదు. నష్టం వెంటనే కనబడదు. చాలా కిలోమీటర్ల తర్వాత, వేలు దాటి లక్షకు చేరే ఖర్చుతో డీపీఎఫ్ మార్చాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఈ డీజిల్ బండ్లలో ఇంకొకటి గమనించాలి. మసి కాల్చేందుకు చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగి ఆపేసే బండిలో ఆ ప్రక్రియ మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. పెరిగింది కదా అని సంతోషించే విషయం కాదు, ఆయిల్ పలచబడి పట్టు కోల్పోతోందని హెచ్చరిక. మట్టం గరిష్ఠ గీత దాటితే గడువు రాకపోయినా ఆయిల్ మార్పించాల్సిందే. వారానికోసారి హైవే మీద అరగంట నిలకడగా నడిపితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

సింథటిక్ అన్న మాటకు విలువెంత

ఆయిల్‌లో ఎక్కువ భాగం బేస్ ఆయిల్. దీన్ని ఐదు గ్రూపులుగా విభజిస్తారు. మొదటి రెండూ ముడిచమురు శుద్ధి నుంచి వచ్చే మినరల్ ఆయిల్స్. మూడోది కూడా ముడిచమురు నుంచే వస్తుంది కానీ, హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి అణువుల నిర్మాణాన్నే మారుస్తారు. నాలుగోది పూర్తిగా రసాయనికంగా తయారుచేసేది. మిగిలినవన్నీ ఐదో గ్రూపు. మూడో గ్రూపును సింథటిక్ అనవచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య ప్రకటనల వివాదం నడిచింది. 1999లో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ అనవచ్చని తేల్చింది. అప్పటి నుంచి బజారులో ‘ఫుల్లీ సింథటిక్’ అని దొరికే వాటిలో చాలా భాగం మూడో గ్రూపువే. ఇందులో మోసమేమీ లేదు, పనితీరులో అవి నాలుగో గ్రూపుకు బాగా దగ్గరగా వచ్చాయి. సెమీ సింథటిక్ విషయం మాత్రం వేరు. ఎంత శాతం కలిపితే ఆ పేరు పెట్టుకోవచ్చో అంతటా అమలయ్యే కట్టుబాటు లేదు. ఆ మాటకు అదనంగా డబ్బు కట్టేటప్పుడు దేనికి కడుతున్నదీ కొనేవాడికి తెలియదు.

0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి గ్రేడ్‌లను మామూలు మినరల్ బేస్‌తో తయారుచేయడం ఆచరణలో కుదరదు. కాబట్టి ఆ గ్రేడ్ కోరే బండికి ‘మామూలుదా, సింథటిక్కా’ అన్న ప్రశ్నే వర్తించదు. ఆ ప్రశ్నకు అర్థం ఉండేది పాత ఇంజిన్లకు, అంటే మాన్యువల్‌లో 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 ఉన్నవాటికి. అక్కడ కూడా ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు తిరిగే బండికి ఖరీదైన సింథటిక్ కంటే, సరైన ప్రమాణం ఉన్న మామూలు ఆయిల్‌ను టైముకు మార్చడమే ఎక్కువ మేలు.

పది వేల కిలోమీటర్లు అందరికీ ఒకటి కావు

ఎక్కువ కంపెనీలు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. కిలోమీటరు లెక్క ఇంజిన్ తిరిగిన గంటలను చూపదు. అమీర్‌పేట, గచ్చిబౌలి మధ్య ట్రాఫిక్‌లో గంటకు సగటున 20 కిలోమీటర్లు పోయే బండికి 10,000 కిలోమీటర్లంటే 500 గంటలు. హైదరాబాద్, విజయవాడ హైవే మీద సగటున 60తో పోయే బండికి అవే కిలోమీటర్లు 167 గంటలు. ఒకే ఆయిల్ ఒక బండిలో మూడు రెట్లు ఎక్కువసేపు పనిచేస్తుంది. అందుకే మాన్యువల్‌లో ‘తీవ్రమైన వాడకం’ పేరుతో ఇంకో పట్టిక ఉంటుంది. ఎడతెగని ట్రాఫిక్, దుమ్ము, తరచూ చిన్న దూరాలు, భారీ బరువు, ట్యాక్సీ వాడకం ఇందులోకి వస్తాయి. ఈ పట్టికలో గడువు చాలాసార్లు సగానికి దగ్గరగా ఉంటుంది. నిజం చెప్పాలంటే మన నగరాల్లో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం ఈ రెండో పట్టికలోనే పడతాయి.

ఏడాదికి మూడు వేలు కూడా తిరగని బండికి నెలల లెక్క ముఖ్యం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆగిపోతుంటే ఆయిల్‌లో చేరిన తేమ, ఇంధనం ఆవిరై పోవు. ‘తిరగలేదు కదా’ అని రెండేళ్లు వదిలేయడం సరైన పొదుపు కాదు. అలాగే సింథటిక్ పోయించాం కాబట్టి 15,000 దాకా ఆగవచ్చనుకోవడం వారంటీలో ఉన్న బండికి ప్రమాదం. కంపెనీ షెడ్యూల్ దాటితే, తర్వాత వచ్చే ఇంజిన్ క్లెయిమ్‌కు అదే అడ్డు తగులుతుంది.

బిల్లును ఎలా చదవాలి

మొదటి మూడు ఫ్రీ సర్వీసుల్లో ఫ్రీ అయ్యేది లేబర్ మాత్రమే. ఆయిల్, ఫిల్టర్ లాంటి వాటికి డబ్బు కట్టాలి. ఆ మీద జీఎస్టీ. విడిభాగాల్లో కొన్నిటి మీద ఉండే 28 శాతం పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎస్టిమేట్‌తో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కంపెనీ షెడ్యూల్‌లో ఉండేవి కొన్నే: ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, నిర్ణీత గడువుకు ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, స్పార్క్ ప్లగ్‌లు. ఏది ఎన్ని కిలోమీటర్లకో మాన్యువల్ వెనక పేజీల్లో పట్టికగా ఉంటుంది. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ మన రోడ్ల మీద అవసరమయ్యేవే. టైరు ఒకవైపు అరుగుతుంటే, బండి పక్కకు లాగుతుంటే వెంటనే చేయించాలి.

మిగతా పేర్ల దగ్గరే ఆగి చూడాలి. ఇంజిన్ ఫ్లష్ అంటే పాత ఆయిల్ తీసేముందు ఘాటైన ద్రావణం పోసి కొద్ది నిమిషాలు ఇంజిన్ నడపడం. టైముకు ఆయిల్ మారుతున్న ఇంజిన్‌లో కొత్త ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలే ఆ పని చేస్తాయి. చాలా కంపెనీల షెడ్యూల్‌లో ఫ్లష్ ఉండదు. ఇంజెక్టర్ క్లీనింగ్, మసి తొలగించే డీకార్బనైజింగ్ కూడా లక్షణం ఉంటేనే: ఐడ్లింగ్‌లో వణుకు, మైలేజీ పడిపోవడం, పికప్ తగ్గడం. 10,000 కిలోమీటర్ల బండికి వీటి అవసరం అరుదు. ఇంజిన్ కోటింగ్, ఆయిల్‌లో కలిపే అదనపు సీసాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ప్రమాణం పొందిన ఆయిల్ కూర్పును కొలతలతో తూచి చేస్తారు, అందులో ఇంకొకటి కలిపితే ఆ ప్రమాణానికి హామీ పోతుంది.

ఇవన్నీ ఎందుకు సూచిస్తారన్నది అడ్వైజర్ నిజాయతీ ప్రశ్న కాదు. కొత్త కారు అమ్మకంలో డీలర్‌కు మిగిలేది తక్కువ. సర్వీస్, విడిభాగాలు, ఇన్సూరెన్స్ మీదే షోరూమ్ నిలబడుతుంది. అడ్వైజర్లకు ఈ అదనపు పనుల మీద టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు ఉండటం మామూలు. అందుకే ‘ఇది షెడ్యూల్‌లో ఉందా, మీ సలహానా?’ అన్న ఒక్క ప్రశ్న జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టకముందే అడగాలి. వద్దన్న పనులు ఎస్టిమేట్ నుంచి తీసేసిన తర్వాతే సంతకం.

చాలా షోరూముల్లో ఆయిల్ డబ్బా నుంచి కాదు, పెద్ద డ్రమ్ము నుంచి పోస్తారు. అందులో తప్పేమీ లేదు, ధర కూడా కొంత తగ్గుతుంది. బిల్లులో గ్రేడ్, లీటర్లు మాన్యువల్‌తో సరిపోయాయో చూసుకోవాలి. చిన్న పెట్రోల్ కార్లకు 3 నుంచి 4 లీటర్లు, డీజిల్ ఎస్‌యూవీలకు 5 లీటర్లు, కొన్నిటికి అంతకుమించి పడుతుంది. బండి తీసుకునేటప్పుడు చదునైన చోట ఆపి, కొద్ది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. ఎక్కువ పోసినా నష్టమే. తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తే పొర నిలవదు.

బయట చేయిస్తే వారంటీ పోతుందా

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా చేశారన్నది ప్రధాన అభియోగం. బయట రిపేర్ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టవద్దని, బయటి పనిలో లోపం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని కూడా ఆ ఆదేశంలో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ విషయంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అండగా ఉంది. ఫలానా బ్రాండ్, ఫలానా చోట అని షరతు పెట్టాలంటే సాధారణంగా ఆ వస్తువును, సేవను ఉచితంగా ఇవ్వాలి.

సూత్రం ఇలా ఉన్నా ఆచరణలో మన దగ్గర నిరూపించుకునే భారం యజమాని మీదే పడుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూమ్‌లోనే షెడ్యూల్ పనులు చేయించుకుని, అదనపు పనులు వద్దనడం చాలామందికి సరిపోయే దారి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, రీకాల్ పనులు కూడా అక్కడే జరుగుతాయి. వారంటీ అయిపోయాక నమ్మకమైన మెకానిక్ దగ్గర లేబర్ బాగా తగ్గుతుంది. అక్కడ ఆయిల్ ఏదుంటే అది పోసే అలవాటు ఉంటుంది కనుక, సరైన గ్రేడ్, ప్రమాణం ఉన్న డబ్బాను అధీకృత దుకాణంలో సీల్ చూసి కొని తీసుకెళ్లడం మంచిది. బిల్లు మీద గ్రేడ్, లీటర్లు, కిలోమీటర్ రీడింగ్ రాయించుకోవాలి. బండి అమ్మే రోజున కూడా ఆ కాగితాలకు విలువ ఉంటుంది.

తీసేసిన ఆయిల్ ఎక్కడికి పోతుందన్నది కూడా చూడాల్సిన విషయమే. వాడిన ఆయిల్‌ను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా గుర్తించాయి. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద కూడా పెట్టారు. అయినా చిన్న గ్యారేజీల నుంచి సెంట్రింగ్ పలకలకు పూయడానికి, కొలిమిలో కాల్చడానికి పోయేది చాలానే ఉంది. కాలువలో పారబోసేవాళ్లూ ఉన్నారు.

ఇక ముందు

మైలేజీ నిబంధనలు ఇంకా బిగిసే దిశలోనే ఉన్నాయి, కాబట్టి గ్రేడ్‌లు ఇంకా పలచబడతాయి. హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, పూర్తిగా వేడెక్కని సమయం ఎక్కువ. వాటికి 0డబ్ల్యూ-16 లాంటివి ఇప్పటికే మామూలయ్యాయి. జపాన్‌లో 0డబ్ల్యూ-8 ఆయిల్ కోసం 2019లోనే ప్రత్యేక ప్రమాణం పెట్టారు. ఈ మార్పు ప్రభావం మొదట పడేది పక్కవీధి గ్యారేజీల మీద. ఒక్క 20డబ్ల్యూ-40 డ్రమ్ముతో అన్ని బండ్లకూ సరిపెట్టే రోజులు పోతున్నాయి, అరడజను గ్రేడ్‌లు, వాటిలో మళ్లీ పెట్రోల్, డీపీఎఫ్ డీజిల్ రకాలు దగ్గర ఉంచుకోక తప్పదు. ఆ పెట్టుబడి పెట్టగల గ్యారేజీలు నిలబడతాయి. లేనివాటి దగ్గరికి వెళ్లే యజమాని తన ఆయిల్ తానే కొని తీసుకెళ్లాల్సి వస్తుంది.